ఆయన కార్డు, నా కార్డు

పుప్పాలగూడ,
జనవరి 4.

ప్రియమైన దయత్తకి, ప్రభువు నామంలో వందనాలు.

నీకు చెవులు బొత్తిగా వినపడటం మానేశాక ఫోను వద్దు, ఉత్తరం రాయమన్నావు. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు అదే మంచిదయింది. ఈ సంగతి నోటితో చెప్పగలిగేదాన్ని కాదు.

మీ అల్లుడి కడుపునొప్పి గ్యాస్ కాదత్తా. పెద్దపేగులో గడ్డ. డిసెంబరు ఇరవై తొమ్మిదిన రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. ఆలస్యం చెయ్యొద్దు, జనవరి పదిన ఆపరేషన్ చేసేద్దామన్నారు డాక్టరు. ఎలీషా గారి సంగతి నీకు తెలుసుగా, ఆఫీసులో కొంపలు మునుగుతున్నా టీ తాగి వస్తానంటారు. డాక్టరుతో కూడా "చూద్దాం సార్" అనేసి లేచారు. కారెక్కాక మాత్రం సీటు బెల్టు పెట్టుకోవడం చేత కాలేదు. నేనే పెట్టాను.

జనవరి ఒకటిన ఒంట్లో బాగోక ఆయన ఆరాధనకి రాలేదు. నేనొక్కదాన్నే వెళ్ళాను. మా సంఘం నీకు గుర్తుందిగా, హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక, హార్డ్‌వేర్ షాపు పైన హాలు. రైలు వచ్చినప్పుడల్లా పాస్టర్ గారు ప్రార్థన మధ్యలో ఆగి, అది పోయాక మళ్ళీ అందుకుంటారు. ఆరాధన అయ్యాక ఎప్పట్లాగే వాగ్దానాల పళ్ళెం పెట్టారు. బోర్లించిన కార్డుల్లోంచి మనిషికొకటి తీసుకోవాలి, అందులో ఉన్న వాక్యం ఆ మనిషికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. పళ్ళెం పక్కన మా సంఘం అమ్మాయి సరిత కూర్చుని ఎవరికి ఏది వచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటోంది.

ఏటా ఇద్దరివీ నేనే తీస్తానుగా, మొదటిది ఆయనకి, రెండోది నాకు అనుకుని రెండు తీశాను. సరితకీ అలాగే చెప్పాను, రాసుకుంది. ఆయనకి వచ్చింది కష్టం తీసేస్తానన్న మాట కాదత్తా, కష్టంలో కృప తోడుంటుంది, అది చాలన్న మాట. నాకేమో రోగాలన్నీ బాగుచేస్తానన్న మాట. నాకేం రోగముంది?

గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద క్యాబ్ ఆగిపోయింది. రెండు కార్డులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఆయన చేతిలో నాది పెట్టి, "మీకు వచ్చింది ఇది" అన్నాను.

ఆయన ఏడ్చారు. పదేళ్ళు పిల్లల కోసం మొక్కని రోజు లేదు, ఇక పుట్టరని తెలిసిన రోజు కూడా నన్ను ఓదార్చారే గానీ ఆయన కంట్లో నీళ్ళు చూడలేదు. కార్డుని ఫోను వెనక, అద్దంలా ఉంటుంది చూడు ఆ కవరు, దాని లోపల పెట్టుకున్నారు. తర్వాత అన్న మాట విను. "దేవుడే బాగుచేస్తానంటే మధ్యలో కత్తి ఎందుకు హెప్సీ? పదో తారీకు వద్దని ఫోన్ చేసి చెప్పెయ్."

చెప్పేశాను. ఏం చెయ్యాలో రాయి.

ఏమీ తోచని
నీ హెప్సిబా


నరసాపురం,
జనవరి 12.

హెప్సీ,
ప్రభువు నీకు తోడుండు గాక. ముందు బుద్ధినిచ్చు గాక.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎలీషా కోసం ఏడ్చాను. రెండోసారి నీ మీద ఒళ్ళు మండింది. తల్లి పోయిన ఏడేళ్ళ పిల్లవి, నిన్ను ఈ చేతులతో పెంచాను, ఇంత పని చేస్తావనుకోలేదు.

కార్డు మందుచీటీ కాదే. ముప్పై ఆరేళ్ళు మిషను ఆసుపత్రిలో నర్సుగా చేశాను. ప్రార్థన చేసి ఆపరేషన్ థియేటర్లోకి పంపేవాళ్ళం. ప్రార్థన చేశాం గనక వద్దని ఎవరినీ ఇంటికి పంపలేదు. ఈ మాట అతనికి నేను రాస్తే నర్సమ్మ ఉపన్యాసం అనుకుంటాడు. నువ్వు చెప్పాలి. కార్డు మార్చాను, నాది మీకిచ్చాను, భయపడి చేశాను అని చెప్పు. ఒక పూట కోప్పడతాడు. పడనీ.

నువ్వు దొంగతనం చేశావనను. ఇచ్చింది నీది. కానీ అతనికి వచ్చింది నీ దగ్గర దాచేశావు, అది తప్పు. ఆ మాట అతనికి అవసరం వచ్చే రోజుంటుంది.

ఉత్తరం అందిన రోజే చెప్పు. రేపు అనుకోకు.

నీ కోసం మోకాళ్ళు నొప్పెడుతున్నా మోకరిస్తున్న
దయామణి


పుప్పాలగూడ,
జనవరి 28.

ప్రియమైన అత్తకి వందనాలు.

చెప్పలేకపోయాను. తిట్టుకో.

చెప్దామనే ఆదివారం దాకా ఆగాను. ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు రండి అంటే ఈయన లేచి వెళ్ళారు. ఎప్పుడూ వెనక బెంచీ వదలని మనిషి. ఫోను వెనక కార్డు అందరికీ చూపించి, "నాకు జబ్బుంది, కానీ నాకు ఈ మాట కూడా ఉంది" అన్నారు. హాలంతా చప్పట్లు. సరిత మాత్రం కొట్టలేదు. నా వైపు అదోలా చూసి తల దించుకుంది. తనకి గుర్తుందేమో. ఇప్పుడు నేను నిజం చెప్తే ఆయన అంతమంది ముందు అబద్ధం ఆడినట్టు కాదా?

రోజూ నొప్పే. మాత్ర వేసుకుని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి వెళ్తున్నారు. పదమూడో అంతస్తులో మీటింగు మధ్యలో బాత్రూంకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడుతున్నానని నిన్న నవ్వుతూ చెప్పారు. మా ఇంటి ఓనరు కనకలక్ష్మమ్మ మొహం చూసే కనిపెట్టింది. "ఏంది బిడ్డా, సారు గిట్ల పీక్కపోయిండు? దవాఖానకు తోల్కపో జల్ది" అంది. ఆవిడ దేవుడు వేరు, ఆవిడకున్న ఇంగితం నాకు లేకపోయింది.

ప్రతి ఉదయం చెప్దామనే లేస్తాను. అప్పటికే ఆయన ఫోను తిప్పి కార్డు చదువుకుంటూ ఉంటారు.

హెప్సిబా


పుప్పాలగూడ,
ఫిబ్రవరి 19.

ప్రియమైన అత్తకి, ప్రభువుకి స్తోత్రం! వందనాలు!

మీ అల్లుడు ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు! నేను ఒక్క మాట అనలేదు. మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నిలబడి ఉప్మా కలుపుతూ, "ఇరవై నాలుగున ఆపరేషన్ అన్నారు, సెలవు పెట్టుకో" అన్నారు. ఏమైందని అడిగితే "ఏమీ కాలేదు, బుద్ధొచ్చింది" అన్నారు. మొహం అదోలా ఉంది గానీ, నేను సంతోషంలో పట్టించుకోలేదు.

చూశావా, దేవుడు తన దారి తనే చూసుకున్నాడు. ఇక ఆ కార్డు సంగతి చెప్పాల్సిన పని లేదుగా అత్తా? ఆయన ధైర్యం ఆయనకుండనీ. మంచయ్యాక ఎప్పుడో నవ్వుకుంటూ చెప్తాను.

నీ హెప్సీ


నరసాపురం,
మార్చి 2.

హెప్సీ,
దేవుడు మీ ఇద్దర్నీ కాపాడు గాక.

ఆపరేషన్ అయిందని నువ్వు పంపిన నాలుగు ముక్కలూ అందాయి. కాలేయంలోకి పాకిందన్నావు. కీమో వేళలు తప్పనివ్వకు. నోట్లో పుండ్లు వస్తాయి, ఉప్పు నీళ్ళు పుక్కిలించమను. మజ్జిగ చల్లది ఇవ్వకు. ఇవన్నీ నాకు తెలిసిన మాటలు గనక రాస్తున్నాను. తెలియనివాటి గురించి రాయలేను.

ఒక్కటి మళ్ళీ అడుగుతున్నా. చెప్పావా? మంచయ్యాక అనుకోవద్దు. ఇప్పుడే చెప్పు. అతను నువ్వనుకున్న దానికంటే గట్టివాడు. నువ్వు చెప్తే వినడానికి సిద్ధంగా ఉన్నాడనే నాకనిపిస్తోంది. ఇంతకంటే నేను రాయకూడదు.

దయామణి


పుప్పాలగూడ,
ఆగస్టు 17.

అత్తా, వందనాలు.

నెలన్నరయింది రాసి. రాయడానికేముంది? ఎండాకాలమంతా కీమో గదుల్లో ఏసీ చలికి దుప్పటి కప్పుకున్నాం. వానాకాలం వచ్చింది. కింద రోడ్డంతా నీళ్ళు, క్యాబులు రావు, కనకలక్ష్మమ్మ వాళ్ళ ఆటో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మూడోసారి స్కాన్ తీశాక డాక్టరు ఇక మందు మార్చి లాభం లేదు, నొప్పి లేకుండా చూద్దామన్నారు. నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. కాల్‌లో ఉన్నప్పుడు ఆయన మంచం మీద నుంచి నన్నే చూస్తుంటారు. ఒక్కోసారి "ఏమైనా చెప్పాలా హెప్సీ?" అని అడుగుతారు. ఏమీ లేదంటాను. ఇప్పుడు చెప్తే ఆ ఉన్న కాస్త ఆశ కూడా నేను లాగేసుకున్నట్టు కాదా?

కానీ అది కూడా పోయింది. నిన్న ఆయన ఫోను ఛార్జింగ్ పెడుతూ చూశాను. వెనక కార్డు లేదు. ఇల్లంతా వెతికాను. ఆయన పుస్తకాల్లో లేదు, దిండు కింద లేదు. అడగలేకపోయాను. విసిరేసి ఉంటారు. ఎనిమిది నెలలు పట్టుకుని, చివరికి అది అబద్ధమని తేల్చుకుని విసిరేసి ఉంటారు. ఆయన విశ్వాసం కూడా నేనే చంపేశానత్తా.

హెప్సిబా


పుప్పాలగూడ,
అక్టోబరు 6.

అత్తా,

ఆయన సమాధి కార్యక్రమానికి అంత దూరం నుంచి వచ్చావు, రెండు రోజులున్నావు, నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను అరిస్తే గానీ నీకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు.

వచ్చిన ప్రతివాళ్ళూ దేవుని చిత్తం అన్నారు. దేవుని ప్రణాళిక మనకి అర్థం కాదు అన్నారు. నాకు బాగా అర్థమైంది. జనవరి పదిన జరగాల్సిన ఆపరేషన్ ఫిబ్రవరి ఇరవై నాలుగున జరిగింది. నలభై అయిదు రోజులు. అవి దేవుడి ప్రణాళిక కాదు, నాది. క్యాబ్‌లో కూర్చుని వేసింది.

ఆయనకి వచ్చిన కార్డు ఏడాదంతా నా హ్యాండ్‌బ్యాగులో ఆఫీసు ఐడీ వెనక ఉంది. పెట్టె మూసే ముందు దాన్ని ఆయన జేబులో పెడదామని చెయ్యి లోపలికి పెట్టాను. పెట్టలేకపోయాను. బతికినన్నాళ్ళూ ఇవ్వనిది అప్పుడు ఏ మొహంతో ఇస్తాను?

ఆదివారాలు వెళ్ళడం లేదు. పాస్టర్ గారు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టారు. తియ్యలేదు. ప్రార్థన చెయ్యమని రాయకు. కళ్ళు మూసుకుంటే ఆ ఫ్లైఓవరే కనిపిస్తుంది.

హెప్సిబా


నరసాపురం,
అక్టోబరు 20.

నా తల్లీ,

నీ ఉత్తరంలో వందనాలు లేవు. చూశాను. పర్వాలేదు.

ఇందులో రెండు కాగితాలున్నాయి, ఒక చిన్న కవరుంది. అవి నావి కావు. ఎలీషా నాకు రాసినవి. నీకు చూపించకూడదని ఒట్టు వేయించుకున్నాడు. అతనికిచ్చిన మాట ఇవాళ తప్పుతున్నాను. ఫిబ్రవరిలోనే తప్పాల్సింది. ముందు ఇవి చదువు, తర్వాత నాది.

*

పుప్పాలగూడ, ఫిబ్రవరి 16.

అత్తయ్య గారికి ఎలీషా వందనాలు.

తెలుగులో ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళయింది, తప్పులుంటే సర్దుకోండి. నిన్న నొప్పి ఎక్కువై నేను ఇంట్లోనే ఉండిపోయాను, హెప్సీ ఆఫీసుకి వెళ్ళాక పాస్టర్ గారు వచ్చారు. ప్రార్థన చేసే ముందు సరిత రాసిన నోటుబుక్కు తెరిచి, నా పేరు ఎదుట ఉన్న వాగ్దానం చదివారు. కృప చాలన్న మాట. తప్పు చదివారేమో అనుకుని పుస్తకం తీసుకుని చూశాను. కింద హెప్సీ పేరు, దాని ఎదుట నా ఫోను వెనకున్న మాట.

మొదట కోపం వచ్చింది. మధ్యాహ్నం దాకా ఉంది. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసిందే అని. తర్వాత క్యాబ్‌లో రెండు కార్డులు పట్టుకుని తనెలా కూర్చుని ఉంటుందో తలుచుకున్నాను. తనకొచ్చిన మంచి మాట తీసి నాకిచ్చి, నా కష్టం తన దగ్గర పెట్టుకుంది. అలా ఇంకెవరు చేస్తారండీ?

ఒక నిజం చెప్పాలి. ఆ కార్డు రాకపోయినా నేను ఆపరేషన్ వద్దనేవాణ్ణే. మా నాన్న ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. కత్తి అంటే నాకు చచ్చేంత భయం. దేవుణ్ణి నమ్మానని అందరికీ చెప్పాను గానీ, ఆ కార్డు వెనక దాక్కున్నాను. నిన్న దాక్కోవడానికి చోటు పోయింది. సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాను.

హెప్సీకి నాకు తెలిసిందని చెప్పకండి. తనే చెప్పాలి. చెప్పినప్పుడు "తెలుసులేవే" అని నవ్వాలని ఎదురుచూస్తున్నాను. అది చూడాలని ఉంది.

మీ ఎలీషా

*

ఆగస్టు 11.

అత్తయ్య గారూ,

ఇంకా చెప్పలేదు. నేనే అడుగుదామంటే తన మొహం చూశాక నోరు రాదు. అడిగితే అప్పటి నుంచి ఎప్పుడూ తప్పు ఒప్పుకున్నట్టే నన్ను చూస్తుంది. మిగిలిన కాసిన్ని రోజులు అలా చూడటం నాకిష్టం లేదు.

ఈ కార్డు పంపుతున్నాను. పెట్టెలో నాతో పెట్టేస్తారేమోనని భయం. ఇది తనది. తనకి ఏ రోగం లేదనుకుని నాకిచ్చింది. నేను పోయాక తనకే అవసరం పడుతుంది. నాకు వచ్చింది నాకు సరిపోయింది. కార్డు చేతికి రాకుండానే సరిపోయింది. నిజంగా.

ఎలీషా

*

చదివావు కదా. ఇక నా మాట.

అతను కార్డు విసిరెయ్యలేదు. నాకు పంపాడు. నువ్వు ఇల్లంతా వెతికావని రాసిన ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఆ కార్డు నా బల్ల మీదే ఉంది. అయినా నేను నోరు మూసుకున్నాను. దేవుని సమయంలో హెప్సీయే చెప్తుందిలే అనుకున్నాను. దేవుని సమయం అని పేరు పెట్టి నా పిరికితనాన్ని దాచుకున్నాను. మీ ఇద్దరి గుట్టూ నా దగ్గరే ఉంది, మీ ఇద్దరికీ మధ్య నేనున్నాను, ఒక్క పోస్టుకార్డు ముక్క రాసి పడేస్తే ఏడు నెలల ముందే మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చేవాళ్ళు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించడం కుదిరినప్పుడే క్షమించు.

ఆ నలభై అయిదు రోజుల సంగతి. అతను తన భయమే అని రాశాడు. నిన్ను కాపాడటానికి రాశాడో, నిజమే రాశాడో నాకు తెలియదు. ముందే చేసుంటే బతికేవాడా అంటే చెప్పలేను. నర్సుని, నీకు అబద్ధం చెప్పను. కొన్ని జబ్బులు అప్పటికే పాకి ఉంటాయి. కొన్ని ఉండవు.

ప్రణాళిక అని నీతో అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకు. ఏమనాలో తెలియక అంటారు. ముప్పై ఆరేళ్ళలో నాకు ఒక్క మంచం సంగతి కూడా అర్థం కాలేదు హెప్సీ. ఎందుకు ఈమె బతికింది, ఎందుకు ఆ పసివాడు పోయాడు. మీ అమ్మ నా వార్డులోనే పోయింది. ఆవేళ సాయంత్రం నీ జడ వేసి, పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను. దేవుడు ఆ వార్డులో ఉన్నాడని నమ్మి వెళ్ళాను, కనిపించాడని కాదు. నాకు తెలిసిన విశ్వాసం అంతే. అంతకంటే పెద్దది నీకు నేర్పలేదు.

కవరులో ఉన్నది తీసుకో. మొదటి నుంచీ నీ పేరు మీదే ఉంది.

నీ అత్త


పుప్పాలగూడ,
జనవరి 2.

ప్రియమైన దయత్తకి, ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి పావుగంట పట్టింది. అయినా రాశాను.

నీ మీద కోపం వచ్చింది. నవంబరంతా ఉంది. క్రిస్మస్‌కి నువ్వు పంపిన రోజ్‌కుకీలు పది రోజులు డబ్బా తెరవలేదు. కనకలక్ష్మమ్మ వచ్చి, "ముసల్ది అంత దూరం కెల్లి పంపింది, తినకుంటె పాపం బిడ్డా" అని తనే మూత తీసి నా నోట్లో పెట్టింది. కోపం అంతటితో పోలేదు గానీ, తగ్గింది. ఆయన నీకు రాసిన ఉత్తరాల్లో "తెలుసులేవే" అన్న చోట కాగితం మెత్తబడిపోయింది, అన్నిసార్లు చదివాను.

నిన్న ఆరాధనకి వెళ్ళాను. మధ్యలో రైలు వచ్చింది. పాస్టర్ గారు ఆగారు. ఆ చప్పుడులో నేను గట్టిగా ఏడ్చాను, ఎవరికీ వినపడలేదు.

తర్వాత పళ్ళెం పెట్టారు. వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే, మొదటిది ఆయనకి అని మనసులో అనేసుకుని ఒకటి తీశాను. అలవాటత్తా, పద్నాలుగేళ్ళ అలవాటు. చెయ్యి రెండోదాని కోసం మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వెనక అందరూ నిలబడి ఉన్నారు. సరిత పెన్ను పట్టుకుని, "ఎవరిదక్కా?" అని మెల్లిగా అడిగింది. నోటికి ఆయన పేరే వచ్చింది. సరిత రాయలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. "నా పేరే రాయి" అన్నాను. రాసింది. వాక్యం ఇంకా చూడలేదు, పోయినేడాదివే రెండూ నాకు మోయడం అవలేదు. ఆయనది బ్యాగులో ఉంది, నాది ఫోను వెనక ఉంది. బాగయ్యానని అనకు. బాగవుతానని ఉంది, అంతవరకే చదువుతున్నాను.

అక్కడి నుంచి సమాధుల తోటకి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్తానంటే కనకలక్ష్మమ్మ ఊరుకోలేదు, బంతిపూలు పట్టుకుని వెంట వచ్చింది. నేను రాతి పక్కన కూర్చుని, పైకే, కార్డు మార్చింది నేనేనండీ అని చెప్పాను. మొత్తం చెప్పాను. ఫ్లైఓవరూ, రెండు కార్డులూ, అన్నీ. ఏడాది ఆలస్యంగా. నవ్వు వినపడుతుందేమోనని చూశాను. ఏమీ వినపడలేదు. రోడ్డు మీద బస్సు పోయింది.

ఆవిడ దూరంగా నిలబడే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అడిగింది.

"ఏం చెప్పినవ్ బిడ్డా సారుతోని, గంత సేపు?"

"చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయిందమ్మా. ఇప్పుడు చెప్పాను. చాలా ఆలస్యమైంది."

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"ఎందుకు ఫికర్ చేస్తవ్? గాయనకు ఎర్కనే ఉంటది తియ్."

ఆవిడకి ఈ సంగతి ఏమీ తెలియదత్తా. నేనెప్పుడూ చెప్పలేదు.

నీ హెప్సీ